నాయనమ్మ సైకిలెక్కింది

"మోగినంతసేపూ ఒక్కరు రాలేదు. ఆగిపోయాక అందరూ వచ్చారు. అంతేనా అమ్మాయ్, జరిగింది?"

ఆడపడుచు గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి. చేతిలోని తడిగుడ్డ పిండడం మరిచిపోయి అలాగే నిలబడింది. గుడ్డలోని నీళ్ళు మోచేతి దాకా పాకి, అక్కణ్ణుంచి చుక్కచుక్కగా నేల మీద పడుతున్నాయి.

మంచం మీద అత్తగారు వెల్లకిలా పడుకుని ఉంది. నుదుటి మీద దూది, ఎడమచేతికి మోచేతి దాకా తెల్లటి కట్టు. పక్కవీధి డాక్టరు ఇప్పుడే వచ్చి వెళ్ళాడు. ఎముక చిట్లిందనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పాడు. మెట్లు దిగుతూ, ఇంట్లో ఇంతమంది ఉండగా ఈవిడ మంచం మీంచి ఎలా పడిందని మామూలుగానే అడిగాడు.

పక్షవాతం వచ్చినప్పుడు పెద్దావిడకి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మనుషుల్ని పిలవడానికి మిగిలింది ఆ ఎడమచెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి అందేచోట మంచం పట్టీకి బిగించిన సైకిల్ బెల్లు ఒక్కటే. ఇప్పుడు చేతికి కట్టు పడింది. బెల్లు పక్కన ఊరికే మెరుస్తోంది.

"నేను వంటింట్లో ఉన్నాను వదినా" అంది కోడలు.

"వినపడలేదా?"

లేదని చెప్పేస్తే సరిపోయేది. మేడ కింద షెడ్డులో మరమగ్గాలు పొద్దస్తమానం ఇల్లు అదిరేలా ఆడుతూనే ఉంటాయి. ఆ హోరులో వినపడలేదంటే లోకం నమ్ముతుంది. కానీ వీధి మలుపు తిరగకముందే తనకి బెల్లు వినిపించిందని ఆడపడుచు వచ్చీరాగానే చెప్పింది. పైగా కోడలు రోజూ దేవుడి ముందు కూర్చునే మనిషి. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"వినపడింది" అంది.

"మరి?"

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఆ బెల్లు మనవరాలి చిన్నప్పటి సైకిలుది. తండ్రి పనిముట్ల పెట్టెలోంచి స్పానరు తీసుకుని ఆ పిల్లే స్వయంగా మంచానికి బిగించింది. ఆ కొత్తలో అది ట్రింగుమంటే చాలు, ఇల్లంతా లేచేది. గుమ్మం దగ్గర తల్లీకూతుళ్ళు తలలు ఢీకొట్టుకున్న రోజులున్నాయి. మంచినీళ్ళకి మోగించేది, పక్క తిప్పమని మోగించేది, దుప్పటి జారిందని మోగించేది. ఒక్కోసారి ఏమీ అక్కర్లేకుండానే, ఊరికే ఒక మనిషి ముఖం కనిపించాలని మోగించేది. అలా ఊరికే మోగించిన రోజులు పెరిగాయి. పరిగెత్తే కాళ్ళు నడకలోకి దిగాయి. చేతిలో పని అయ్యాక వెళ్దాంలే అనుకోవడం మొదలైంది. తర్వాత ఆ అనుకోవడం కూడా పోయింది. ఎప్పుడు పోయిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. జుట్టు నెరిసిన రోజు ఏదని అడిగితే ఎవరు చెప్పగలరు?

బెల్లు ఆగకుండా మోగితే ఇంట్లో ఒక వేళాకోళం ఉండేది. "నాయనమ్మ సైకిలెక్కింది" అనేది మనవరాలు. "ఈసారి ఎంతదూరం వెళ్తుందో" అనేవాడు తండ్రి. కోడలు కూడా నవ్వేది. ఒకసారి అత్తగారి ఎదురుగానే అంటే, పడిపోయిన ఆ మూతి కూడా ఒకపక్కకి నవ్వింది. ఆవిడే నవ్వాక తప్పేముందనుకున్నారు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక సైకిలెక్కిన నాయనమ్మ పొద్దు వాలేదాకా దిగలేదు.

దిగిన క్షణంలో మాత్రం ఇంట్లో అందరికీ ఒక్కసారిగా తెలిసింది. వంటింట్లో కోడలి చేతిలోని గరిటె ఆగింది. పక్కగదిలో మనవరాలు చదవడం ఆపింది. షెడ్డులో ఉన్న కొడుకు తలెత్తి పైకి చూశాడు. ముగ్గురూ మూడు దారుల్లో ఒకేసారి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే, చేతిసంచీతో, ఆడపడుచు. అప్పటికి పెద్దావిడ కిటికీ కింద నేల మీద ఉంది.

"నువ్వేం చేస్తున్నావు తల్లీ?" ఆడపడుచు మేనకోడలి వైపు తిరిగింది.

ఆ అమ్మాయి గోడకి ఆనుకుని, పుస్తకం గుండెలకి అదుముకుని ఉంది. రేపు పరీక్ష. చదువుకుంటున్నానని చెప్పింది. ఏం చదువుతున్నావని మేనత్త అడిగింది. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నత్త గురించి" అంది అమ్మాయి. "నత్త కొమ్ముల్ని తాకితే లోపలికి ముడుచుకుంటుంది కదత్తా. మళ్ళీ మళ్ళీ తాకుతూ ఉంటే కొంతసేపటికి ముడుచుకోవడం మానేస్తుంది. దానివల్ల తనకేం హాని లేదని నేర్చుకుందన్నమాట. ప్రాణులు నేర్చుకునే చదువుల్లో అన్నిటికంటే తేలికైనది అదేనట. పురుగులు కూడా నేర్చుకుంటాయట."

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు.

"పైకి చదువుతున్నాను. బెల్లు అడ్డొస్తోందని... ఇంకొంచెం గట్టిగా చదివాను."

చెప్పేశాక ఆ పిల్ల తను అన్నమాట తనే విని, గోడ వెంబడే జారి నేల మీద కూలబడింది. కోడలు కూతురి దగ్గరికి వెళ్ళబోయి ఆగింది. వెళ్ళి ఏమని ఓదార్చాలి? నత్త తనకి హాని లేదని నేర్చుకుంది. ఈ ఇంట్లో ముగ్గురూ నేర్చుకున్నదీ అదే. తమకి హాని లేదని.

అప్పుడు భర్త పైకి వచ్చాడు. డాక్టర్ని వీధి దాకా సాగనంపి, షెడ్డులోకి ఓసారి తొంగిచూసి వస్తున్నాడు. జుట్టు మీదా కనుబొమల మీదా నూలు దుమ్ము తెల్లగా పట్టి ఉంది. తల్లి మంచం దగ్గర కూర్చుని, కట్టు కట్టిన చేతిని తాకబోయి భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వెక్కడున్నావురా తమ్ముడూ?" అంది అక్క.

కిందే ఉన్నానన్నాడు. మధ్యాహ్నం నుంచీ తల తిరిగిపోయే పని పడిందన్నాడు. కండెల యంత్రం ఉన్నట్టుండి ఆగిందట. వెళ్ళి చూస్తే పీట మీద పనామె లేదట. మగ్గాలకి పెట్టే కండెలకి దారం చుట్టే మనిషి ఆవిడ. ముక్కుకి ఎర్రతుండు కట్టుకుని, రోజంతా దగ్గుతూ, చేతులు మాత్రం ఆపకుండా పనిచేస్తుంది. చెప్పాపెట్టకుండా ఇంటికి పోయిందట. ఆవిడ చోట ఇంకొకర్ని కూర్చోబెట్టి పని అందించేసరికి తాతలు దిగొచ్చారట.

"యంత్రం ఆగిందని నీకెలా తెలిసింది?"

"అదేం ప్రశ్న అక్కా. చెవికి తెలియదూ? అన్నం తింటున్నా సరే, పడుగులో ఒక్క దారం తెగితే మగ్గం చప్పుడు మారుతుంది. కంచం వదిలేసి లేస్తాను. నీకు తెలియనిదేముంది, ఈ ఇంట్లో పుట్టినదానివే కదా."

ఆడపడుచుకి తెలుసు. ఈ ఇంట్లో పిల్లలు మగ్గాల హోరులో హాయిగా నిద్రపోతారు. కరెంటు పోయి అవి ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. చప్పుడుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. చప్పుడు ఆగితేనే ఏదో అయినట్టు. తాతల నాటి నుంచీ ఈ ఇంటి చెవులు అలాగే తయారయ్యాయి.

"అయితే అమ్మ బెల్లు?" అంది ఆడపడుచు.

"మోగుతోందంటే బాగానే ఉన్నట్టు కదా..."

మాట పూర్తవకముందే ఆయన నోరు అలాగే ఉండిపోయింది. భార్య వైపు చూశాడు. భార్య ఆయన వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఈ మాటని ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అనలేదు గానీ, ఇద్దరూ దాని మీదే కాపురం చేస్తున్నారు. మనిషి సాయానికి పిలిచే పిలుపుని, ఆ మనిషి క్షేమంగా ఉందన్న కబురు కింద మార్చుకున్నారు.

కింద మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

కోడలే నోరు విప్పింది. తనని తాను కాపాడుకోవాలన్న ఆరాటం ఒకటి లోపల్నుంచి తన్నుకొచ్చింది.

"నెలకోసారి వినే చెవికీ, రోజూ వినే చెవికీ తేడా ఉండదా వదినా? మీరు వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నారు. అత్తయ్య ఒంటి మీద ఒక్క పుండు పడనిచ్చానా? పక్క ఒక్కరోజైనా మాసిందా?"

"లేదు. నీకంటే బాగా నేను కూడా చెయ్యలేను. అందుకే భయమేస్తోంది" అంది ఆడపడుచు. "చెడ్డదానివైతే నాలుగు దులిపేసి పోదును. నీలాంటిది కూడా ఇలా అయిందంటే ఇంక ఎవర్ని నమ్మాలి నేను?"

ఆడపడుచు లేచి చేతిసంచీ భుజాన వేసుకుంది. కిందికి వెళ్ళి బండి మాట్లాడి వస్తానంది. చీకటి పడకముందే అమ్మని తన ఇంటికి తీసుకుపోతానంది. తమ్ముడు అడ్డుచెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒక్కటి చెప్పమ్మాయ్. అమ్మ అంతసేపు దేనికోసం మోగించింది? నేను తిరిగొచ్చేలోగా అది చెప్పు చాలు. ఇక్కడే ఉంచేసి నా దారిన నేను పోతాను. ఆవిడకేం కావాలో కనుక్కునే మనిషి ఈ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారని తెలిస్తే చాలు నాకు."

మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగిపోయింది. భర్త కూడా, షెడ్డులో మనుషులు ఎదురుచూస్తున్నారంటూ దిగిపోయాడు. కూతురు మోకాళ్ళలో ముఖం దాచుకుని మూలనే ఉంది.

కోడలు మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి లేని పిల్లగా ఈ ఇంటికొచ్చింది తను. మగ్గాల చప్పుడుకి తలనొప్పితో ఏడుస్తుంటే, తన చెవుల్లో దూది పెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని, కొద్దిరోజులు ఓర్చుకోమ్మా, తర్వాత వినపడదు అని చెప్పిన మనిషి ఈవిడే. ఆ మనిషిని బట్టల సంచీతో పాటు బండెక్కించి పంపేస్తే, రేపటి నుంచి ఈ గదిలోకి ఏ ముఖంతో రావాలి? దేవుడి ముందు ఏ ముఖంతో కూర్చోవాలి?

దేవుడి మాట తలపుకి రాగానే ఇవాళ్టి మధ్యాహ్నం గుర్తొచ్చింది. రోజూ మధ్యాహ్నం పని తెమిలాక పటం ముందు కూర్చుని ఒక అధ్యాయం చదువుకుంటుంది ఆమె. ఇవాళా చదువుకుంది. పిలిచినవారికి పలికే స్వామి గురించి చదివింది. కళ్ళు చెమ్మగిల్లేలా చదివింది. పక్కన బెల్లు మోగుతూనే ఉంది.

ఆయన కూడా ఇంతేనా? తను రోజూ అడిగేవే అడుగుతుంటే, ఆ ప్రార్థన ఆయన చెవికి అలవాటైపోయి ఉండదా? ప్రార్థిస్తోంది కాబట్టి బాగానే ఉందిలే అనుకుని తన పని తను చూసుకుంటున్నాడా? అలా అనుకున్నందుకు లెంపలు వేసుకుంది. ఆయన అలాంటివాడు కాదు. కాకూడదు. అలాంటివాడైతే ఈ లోకం ఒక్కరోజైనా నిలుస్తుందా?

"అత్తయ్యా" అంది వంగి. "దేనికి పిలిచారు?"

అవునంటే కళ్ళు మూసి తెరవడం పెద్దావిడకి అలవాటు. కాదంటే కళ్ళు అలాగే తెరిచి ఉంచుతుంది.

మంచినీళ్ళా? కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్క తిప్పాలా? కాదు. బట్ట మార్చాలా? కాదు. నొప్పా? కాదు. ఆకలా, చలా, ఉక్కా, దోమలా, భయమేసిందా, ఒంటరిగా ఉందనిపించిందా, మా మీద కోపమొచ్చిందా? తెలిసినవన్నీ అడిగింది. అడుగుతున్నకొద్దీ ఆమెకొక సంగతి తెలిసొచ్చింది. ఇన్నాళ్ళుగా ఆ బెల్లుకి తను వేసుకున్న అర్థాలు ఇవే. వీటిని దాటి అత్తగారికి ఇంకొక కోరిక ఉండొచ్చని తనకి ఎన్నడూ తోచలేదు.

పెద్దావిడ కళ్ళు కోడలి ముఖం మీద లేవు. కోడల్ని దాటి, భుజం పక్కనుంచి, కిటికీ వైపు చూస్తున్నాయి. కోడలు తిరిగి చూసింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి పడుతోంది. కళ్ళలో పడుతోందేమోనని లేచి కిటికీ రెక్క మూసింది.

పెద్దావిడ గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అది మాట కాదు, ఏడుపూ కాదు. మూలనున్న అమ్మాయి అదిరిపడి తలెత్తింది. ఇన్నాళ్ళలో ఆ గొంతు అలా పలకడం ఎవరూ వినలేదు.

కోడలు గబగబా రెక్క తెరిచింది. బయటికి చూసింది. ఎప్పుడూ కనిపించేదే. పెరటి గోడ, దండెం మీద బట్టలు, నూలు గది రేకుల కప్పు. "కిటికీయే కావాలా అత్తయ్యా?"

కళ్ళు మూసి తెరిచింది పెద్దావిడ. మళ్ళీ మూసి తెరిచింది. మళ్ళీ. మళ్ళీ. కళ్ళతోనే బెల్లు మోగిస్తున్నట్టు.

"అమ్మా" అంది కూతురు. "నాయనమ్మ పడింది కిటికీ కిందే కదా. కిటికీ దాకా వెళ్దామనే మంచం దిగిందేమో."

తను నిలబడి చూస్తే కనిపించేది వేరు, ఆవిడ పడుకుని చూస్తే కనిపించేది వేరు. ఈ ఆలోచన ఇంతకాలం ఎందుకు రాలేదో దేవుడికే తెలియాలి. కోడలు మంచం అంచున కూర్చుని, మెల్లగా ఒరిగి, అత్తగారి దిండు మీద తన తల ఆనించింది. చెంపకి చెంప తగిలింది. ఆ కళ్ళు చూస్తున్న వైపే చూసింది.

దండెం మీది దుప్పటికీ గోడకీ మధ్య సందులోంచి, నూలు గది గోడకి పైన ఉన్న చిన్న వెంటిలేటరు సూటిగా కనిపించింది. ఇంట్లో ఇంకెక్కణ్ణుంచి చూసినా అది కనిపించదు.

వెంటిలేటరు ఊచల్లోంచి ఒక ఎర్రతుండు బయటికి వేలాడుతోంది. కదలకుండా.

ఆ తుండు ఎవరిదో గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. కండెలు చుట్టే ఆవిడ రోజూ పొద్దున్న పనిలోకి వస్తూ పెరట్లో ఆగి, పైకి చూసి, ఆ తుండు ఊపి పెద్దావిడని పలకరించి వెళ్తుంది. కాలూ చెయ్యీ ఆడిన రోజుల్లో ఆవిడ దగ్గు చూడలేక వేడినీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చింది ఈ అత్తగారే. ఆ దగ్గు గురించి మొదట్లో అందరూ అడిగేవారు. డాక్టరుకి చూపించుకోమనేవారు. ఆ తర్వాత అది కూడా మగ్గాల చప్పుడులో ఒక చప్పుడైపోయింది.

ఇంటికి పోలేదు ఆవిడ. నూలు కట్ట కోసం లోపలికి వెళ్ళింది.

కోడలు మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వెనక కూతురు వస్తోందో లేదో చూడలేదు. పెరట్లో దండెం మీది బట్టలు ముఖానికి తగిలాయి. తడి ఆరి గలగలలాడుతున్నాయి. వాటిని మధ్యాహ్నం ఆరేసింది తనే.

నూలు గది తలుపుకి బయట గడియ పెట్టి ఉంది.

ఒకసారి పిల్లి దూరి నూలు కట్టల మీద పిల్లల్ని పెట్టినప్పటి నుంచీ ఆ తలుపు తెరిచి ఉండకూడదు. అటు వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే గడియ వేసి పోవాలి. ఆ నియమం పెట్టిందీ, వెయ్యనివాళ్ళని కేకలేసేదీ తనే. బట్టల బుట్ట చంకన పెట్టుకుని ఆ తలుపు ముందు నుంచే నడిచింది ఇవాళ. గడియ వేసిందా అంటే గుర్తులేదు. వెయ్యలేదా అంటే, వెయ్యని రోజంటూ లేదు. చెయ్యి దానంతట అదే వెళ్తుంది. చేతికి నేర్పింది తనే. లోపల మనిషి ఉంటే చూడమని మాత్రం నేర్పలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గిన్నెలు సర్దుతున్నప్పుడు పెరటివైపు నుంచి దబదబమని ఏదో వినిపించింది. ఏ మగ్గానికో పట్టీ వదులైనట్టుందనుకుంది. కాసేపటికి ఆ చప్పుడు మగ్గాల్లో కలిసిపోయింది. తర్వాత ఆగిపోయింది కూడా.

గడియ లాగింది. ఇనుము ఎండకి కాలి ఉంది. తలుపు తోసింది. జానెడు కదిలి ఆగిపోయింది. లోపల తలుపుకి ఏదో బరువు ఆనుకుని ఉంది. తోస్తే మెత్తగా తగులుతోంది. ఆ సందులోంచి కొలిమి నోరు తెరిచినట్టు వేడిగాలి కొట్టింది.

"ఏమండీ" అని అరిచింది. ఆ గొంతు మగ్గాల హోరులో ఆమెకే వినిపించలేదు. "మగ్గాలు ఆపండి. ఏమండీ, ఆపండి."

వెనకే దిగిన కూతురు అప్పటికే షెడ్డులోకి పరిగెత్తింది. ఎలా చెప్పిందో, తండ్రి మారు మాట్లాడకుండా మెయిన్ లాగేశాడు.

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఏమైంది, ఏమైంది అంటూ మనుషులు బయటికి వచ్చారు. షెడ్డులోంచి పనివాళ్ళు పెరట్లోకి వచ్చి, గడియనీ, సందునీ, ఆమె ముఖాన్నీ చూసి ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడ్డారు. భర్త ముందుకొచ్చి తలుపుకి భుజం ఆనించాడు. గట్టిగా తోయడానికి ధైర్యం చాలక అలాగే ఆగాడు.

వాకిట్లో బండి ఆగింది. ఆడపడుచు వచ్చి అందరి వెనకా నిలబడి, తమ్ముడి భార్య వైపు చూసింది.

"వదినా" అంది కోడలు. "అత్తయ్య మోగించింది తన కోసం కాదు."

ఆడపడుచు చేతిసంచీ భుజం మీంచి జారి కింద పడింది.

కోడలు తలుపు సందు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించింది. భర్త ఊపిరి బిగబట్టాడు. పనివాళ్ళు ఊపిరి బిగబట్టారు. విని విని ఏనాడో వినడం మానేసిన ఆ దగ్గు కోసం, ఒక్క దగ్గు కోసం, పెరడంతా చెవులు రిక్కించి నిలబడింది.